చెనక్కాయ పొట్టు రంగు

పొద్దున కాఫీ కన్నా ముందు మా నాయన తన పాత టూ స్ట్రోకు బండి పక్కన గొంతుక్కూర్చుంటాడు. ప్లగ్గు పానా తగిలించి ఒక్క ఊపు ఊపి ప్లగ్గు విప్పుతాడు. దాన్ని తుడవడు. వీధి వెలుతురు వైపు తిప్పి చూస్తాడు. మళ్ళీ వేళ్ళతోనే మర ఎక్కించి, పానాతో బిగించి, లేచి చేతులు కడుక్కుంటాడు. ఒకప్పుడు ఆ రంగు పైకి చెప్పేవాడు. "పొట్టు రంగు" అన్నాడంటే ఆ రోజు అంతా బాగున్నట్టే. వంటింట్లోంచి అమ్మ, "నేను పెట్టే కాఫీ రంగు ఒగనాడన్నా సెప్తివా?" అని దెప్పేది. ఇప్పుడు చూస్తాడు కానీ చెప్పడు. అమ్మ కూడా దెప్పడం మానేసింది.

ప్లగ్గు అంటే ఇంజను తలకాయలో నిప్పురవ్వ పుట్టించే చిన్న ముక్క. దాని కొసన పింగాణి ఉంటుంది. టూ స్ట్రోకు ఇంజను లోపల ఏం జరుగుతోందో ఆ పింగాణి రంగు చెబుతుంది. పొయ్యి మసిలా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోందని. సున్నంలా తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజను లోలోపల కాలిపోతోందని. అలా కాలితే నడుస్తూ నడుస్తూనే పట్టేస్తుంది, అంటే లోపలి ముక్కలు ఒకదాన్నొకటి కరుచుకుని చక్రం బిగుసుకుపోతుంది. ఆ రెంటికీ మధ్య, వేయించిన చెనక్కాయ పొట్టు రంగులో ఉంటే ఇంజను సుఖంగా ఉన్నట్టు. చదవడం నేర్చుకోకముందే నేను ఈ మూడు రంగులు నేర్చుకున్నాను.

నాయన పేరు మునిరత్నం. పెద్దపంజాణి దగ్గర ఒక మెట్ట పల్లెలో పుట్టాడు. ఆవులు, చెనక్కాయ సేద్యం, వానకు ఎదురుచూడటం. వాన ఎగ్గొట్టిన ఒక ఏడాది మదనపల్లెకు వచ్చి, బెంగుళూరు బస్టాండు వెనక గోపాలస్వామి అనే మెకానిక్కు దగ్గర చేరాడు. గోపాలస్వామి నేర్పింది పానాలు పట్టడం కాదు, ప్లగ్గు చూడటం అని నాయన అంటాడు. "స్పీడు ముల్లు అబద్దం సెప్తాది, ఓనరు సెప్తాడు, నేనూ సెప్తా. ప్లగ్గుకు ఆ ఇద్దె రాదురా" అనేవాడట ఆయన.

తర్వాత నాయన పుంగనూరులో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. టూ స్ట్రోకు బండ్లు కంపెనీలు మానేసినా, ఉన్నవాళ్ళు వదులుకోలేక వాల్మీకిపురం నుంచి, గంగవరం నుంచి కూడా తోసుకుంటూ తెచ్చేవాళ్ళు. పాల క్యాన్లు కట్టుకుని తిరిగే గంగాధరం ఒకసారి, "బండి దగ్గుతా ఉండాది, ఏం పాపమో తెలీదప్పా" అని వచ్చాడు. నాయన ప్లగ్గు విప్పి, వాసన చూసి, "పెట్రోల్లో కిరసనాయిలు పోసినావు" అన్నాడు.

"అమ్మో! ప్లగ్గు అది గూడా సెప్తాదా?"

"సెప్తాది. బయపడొద్దులే, పాలల్లో ఏం పోసినావో సెప్పదు."

షెడ్డంతా నవ్వులు. గంగాధరం కూడా నవ్వాడు. అట్లా నాయన నోటి నుంచి ప్లగ్గు మాట వస్తే దానికి తిరుగు లేదని నాలుగు మండలాల్లో పేరు.

నాయనకు ఒక్కడే తమ్ముడు, లోకేష్. మా చిన్నాన్న. పక్కింటి కుక్క కూడా ఆయన వెనకే పోయేది, అంత సందడి మనిషి. కుప్పం అమ్మాయి ప్రసన్నలక్ష్మిని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. కుప్పం అవతల మూతబడిన కంకర క్రషర్ ఒకటి ఉంది. ఏళ్ళ తరబడి రాయి పిండి చేయగా మిగిలిన దుమ్ము అక్కడ దిబ్బలు దిబ్బలుగా పడి ఉంది. గాలికి వాటి మీద అలలు పడతాయి, ఎడారి బొమ్మలో లాగా. చిన్నాన్న బెంగుళూరులో పాత క్వాడ్ బండి ఒకటి కొనుక్కొచ్చాడు. నాలుగు బుడ్డ టైర్లు, బైకు మాదిరి హ్యాండిలు, టూ స్ట్రోకు ఇంజను. ఊళ్ళో వాళ్ళు దానికి ఎండ్రకాయ, అంటే పీత, అని పేరు పెట్టారు. ఆదివారాలు బెంగుళూరు నుంచి వచ్చేవాళ్ళను ఆ దిబ్బల మీద తిప్పడం చిన్నాన్న పని.

దాన్ని దిబ్బకు సిద్ధం చేసింది నాయనే. ఆ వేసవిలో నేనూ వెంట వెళ్ళాను. నాయన అంత సంతోషంగా ఉండటం అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"రోడ్డు మింద బండి నడమ నడమ ఊపిరి తీసుకుంటాది. ఇసకలో దానికి సందుండదు. ఎక్కినంత సేపూ పీకల దాకా పనే" అని చెబుతూ గాలి ఫిల్టరు స్పాంజిని పెట్రోలులో ఉతికి, నూనెలో ముంచి పిండాడు, ముఖానికి రాసుకునే పౌడరంత సన్నని ఆ దుమ్ము లోపలికి పోకుండా. పెట్రోలులో ఆయిలు తనే కొలిచి కలిపి క్యాను ఊపాడు. వెనక పక్క, దుమ్మును తోడి విసిరే గరిటెల్లాంటి పట్టీలున్న టైర్లు వేశాడు. హ్యాండిలుకు ఒక తాడు కట్టి, దాని కొస చిన్నాన్న చొక్కాకు తగిలించాడు. మనిషి కింద పడితే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది.

తర్వాత అసలు పని. కార్బొరేటరులో పెట్రోలు పోయే ఇత్తడి ముక్కను జెట్టు అంటారు. సన్న బెజ్జమైతే పెట్రోలు తక్కువ, పెద్ద బెజ్జమైతే ఎక్కువ. చిన్నాన్న ఫుల్లు రేజుతో దిబ్బ ఎక్కి, పైన ఇంజను ఒక్కసారిగా ఆపేసి, అట్లాగే జారుతూ దిగాలి. నాయన వేడి ప్లగ్గు విప్పి చూడాలి. జెట్టు మార్చాలి. మళ్ళీ ఎక్కాలి. పొద్దుటి నుంచి మధ్యాన్నం దాకా అన్నదమ్ములిద్దరూ ఇదే ఆట. చివరికి నాయన ప్లగ్గును నా ముక్కు దగ్గరికి తెచ్చి, "సూడమ్మా, ఏం రంగు?" అన్నాడు.

"పొట్టు రంగు."

చిన్నాన్న బండి మీద నిలబడి ఈల వేశాడు. చద్ది తెచ్చిన చిన్నమ్మ ఇద్దరినీ చూసి, "బావా, మీరు అన్నదమ్ములా, సున్నం మూటలా?" అని నవ్వింది.

బయలుదేరేటప్పుడు నాయన ఒక మాట చెప్పాడు. "ఇది ఎండకాలం లెక్క. సలికి గాలి సిక్కబడతాది, అప్పుడీ పెట్రోలు సాలదు. మార్గశిరం రానీ, నేనొచ్చి పెద్ద జెట్టు ఏస్తా. అంతవరకు ఎండెక్కినాంకనే దిబ్బ ఎక్కించు."

"సరేన్నా" అన్నాడు చిన్నాన్న.

మార్గశిరం వచ్చింది. నాయన పెద్ద జెట్టు తెప్పించి చొక్కా జేబులో వేసుకున్నాడు. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ ఉండగా షెడ్డుకు పనులు వచ్చాయి. ఒక పొద్దున, మంచు ఇంకా విడవకముందే, కుప్పం నుంచి ఫోను వచ్చింది.

ఆదివారం మనుషులు వచ్చేలోగా దారి చూద్దామని చిన్నాన్న చీకటి విడిచీ విడవకముందే దిబ్బ ఎక్కాడు. అక్కడ ఉన్నది క్రషర్ కాపలాదారు ఎల్లప్ప ఒక్కడే. సరిహద్దు అవతలి తమిళ పల్లె మనిషి. "బండి పైకి పోతా ఉండె. శబ్దం నిలిచిపోయె. బండి తిరగబడె" అని ఆయన అందరికీ ఒకే ముక్క చెప్పాడు. బండి కింద నుంచి చిన్నాన్నను తీసేసరికే ప్రాణం లేదు.

శబ్దం నిలిచిపోయింది అంటే ఇంజను పట్టేసింది అనుకున్నారు అందరూ. మనిషి పడినా తాడు ఊడి శబ్దం ఆగుతుందని తెలిసినవాడు నాయన ఒక్కడే. కానీ ఆ రెంటిలో ఏది ముందో ఎవరికి తెలుసు? చలి గాలి, సన్న జెట్టు. అన్ని కర్మలూ ముగిసే దాకా పెద్ద జెట్టు నాయన జేబులోనే ఉంది. అమ్మ చొక్కా ఉతకబోయి తీసి కిటికీలో పెడితే, మళ్ళీ తీసి జేబులో వేసుకున్నాడు.

బండిని ఎల్లప్ప క్రషర్ రేకుల షెడ్డులోకి ఈడ్చి పట్ట కప్పాడు. నాయన దాన్ని చూడటానికి పోలేదు. పోతే ప్లగ్గు విప్పాలి. విప్పితే అది చెబుతుంది. తెల్లగా ఉంటే తమ్ముణ్ణి చంపింది తను మార్చని జెట్టు.

ఆ తర్వాతే నాయనకు ఆ బండి శబ్దం వినపడటం మొదలైంది. మధ్యాన్నం షెడ్డులో పనిచేస్తూ చేస్తూ పానా ఆపి తల ఎత్తేవాడు.

"ఇనపడిందా?"

"ఏంది నాయనా?"

"ఎక్కతా ఉండాది. ఎక్కతా ఉండాది..." అని కాసేపు ఆగి, "నిలిచిపాయ" అనేవాడు. ఎప్పుడూ అక్కడే, పైకంటా పోయేలోపు, తెగిపోయేది. మాకు రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ వినిపించేవి కావు. నాకు చదువుకునే గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు నిజంగానే ఒకసారి వినిపించినట్టయింది. కిటికీ మూసుకున్నాను.

బండ్లకు కూడా ఆయన పెద్ద జెట్లే వేయసాగాడు. అవసరానికి మించి పెట్రోలు తాగి ప్రతి బండీ పొగ చిమ్మేది. గంగాధరం వచ్చి, "ఏమప్పా మునిరత్నం, నా వెనక వచ్చేవోళ్ళు దోమల మందు కొడతాండానని అనుకుంటాండారు" అన్నాడు. నాయన నవ్వలేదు. "పొగ వస్తే బతుకుతావు" అన్నాడు.

మూడేళ్ళు అట్లా గడిచాయి. పోయినేటికి ముందటి ఏడు, కంది పూతకొచ్చిన రోజుల్లో చిన్నమ్మ ఫోను చేసింది. క్రషర్ స్థలం ఎవరికో అమ్మేశారట, షెడ్డు పీకేస్తున్నారట.

"బండి తీసకపో బావా. నేను దాని మొగం సూడలేను" అంది. తర్వాత గొంతు మార్చి, "నాకొగటి సెప్పల్ల నువ్వు. యాల పోయినాడు ఆయన? బండి వల్లనా, ఆ దిబ్బ వల్లనా? నిజం సెప్పు, సాలు. మూడేండ్లుగా ఏమని అనుకోవల్లో తెలీక సస్తాండా" అంది.

నాయన ఫోను నాకిచ్చేసి బయటికి పోయాడు. మర్నాడు గూడ్స్ ఆటో మాట్లాడుకుని పలమనేరు మీదుగా కుప్పం పోయాం. ఆయన ఒక్కడూ పోతానన్నాడు. అమ్మ నన్ను కూడా పంపించింది. దారంతా ఆయన చెయ్యి చొక్కా జేబు మీదే ఉంది.

ఎల్లప్ప మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. ముసలితనం ఒక్కసారిగా మీద పడ్డ మనిషిలా ఉన్నాడు. కళ్ళకు శుక్లాలు. నాయన పట్ట లాగేశాడు. దుమ్ము లేచింది. ఎండ్రకాయ ఒక పక్క హ్యాండిలు వంగి, గరిటెల టైర్లలో గాలి పోయి, వాలి ఉంది. నాయన దాని ముందు అలాగే నిలబడిపోయాడు.

"సామీ, దాన్ని ముట్టొద్దు. ముందు నేనొగ మాట సెప్పల్ల" అన్నాడు ఎల్లప్ప. "ఆ పొద్దు అందరికీ సగమే సెప్పినా."

"సెప్పు."

"లోకేషు అప్పయ్య ఒగసారి ఎక్కి దిగినాడు. ముందురోజు దుమ్ము ఎత్తకపోయే లోడరు వచ్చి ఆ దిబ్బను అవతలి పక్క తోడేసినాది. అంచు బోలుగా ఉండాది. నేను సుట్టూ పోయి అది సూసి, పరిగెత్తుకోని వచ్చి సెయ్యి ఊపినా. పోదుం పా, పోదుం పా అని అరిసినా." ఆ పొద్దు ఊపినట్టే చెయ్యి ఊపి చూపించాడు. "అప్పయ్య నన్ను సూసినాడు. నవ్వినాడు. బొటనేలు పైకెత్తినాడు. మళ్ళీ ఎక్కినాడు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తమిళంలో 'పోదుం పా' అంటే 'చాలప్పా, ఇంక ఆపు' అని. మా పక్క 'పోదం పా' అంటే 'పద, వెళ్దాం' అని. హెల్మెట్టు లోపల, ఇంజను రొదలో, చిన్నాన్న మా మాటే విన్నాడు. ముసలాయన చెయ్యి ఊపి ఇంకోసారి పొమ్మంటున్నాడనుకున్నాడు.

"ముప్పై ఏండ్లుగా ఈడ ఉండా. తెలుగులో ఆపు అనేది రాదా నాకు?" అన్నాడు ఎల్లప్ప. "బయంలో అమ్మ బాస వచ్చేసె సామీ. నా నోరే తోసేసినాది అప్పయ్యను. అన్నం ముద్ద నోటికాడికి పోతే ఆ మాటే వస్తాది. పొద్దుగూకితే దిబ్బ మింద శబ్దం ఇనపడతాది."

నాయన ఆయన వైపు చూశాడు. "నీకు గూడానా?" అన్నాడు మెల్లగా.

ఎల్లప్ప మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "నువ్వు పెద్ద మెకానిక్కంట. లోపల సూస్తే తెలుస్తాదంట గదా, బండిదా తప్పు, కాదా అని. సూసి సెప్పు. నాదైతే నాదని సెప్పు."

నాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నన్ను ఫోను వెలుతురు పట్టమన్నాడు. ప్లగ్గు బిగుసుకుపోయి ఉంది. నూనె చుక్క వేసి, కాసేపు ఆగి, పానా తగిలించాడు. కిర్రుమని కదిలింది. తర్వాత వేళ్ళతో తిప్పి బయటికి తీసి, వెలుతురులో పట్టుకున్నాడు.

మర మీద తుప్పు ఉంది. లోపల పింగాణి మాత్రం అట్లాగే ఉంది. వేయించిన చెనక్కాయ పొట్టు రంగు. ఆ వేసవి నా ముక్కు దగ్గరికి తెచ్చి చూపించిన రంగే. నాయన కట్టిన లెక్కే సరి. చలిలో కూడా ఆ జెట్టు ఇంజనుకు చాలింది. చివరి దాకా బండి సుఖంగానే ఎక్కింది. ముందు ఆగింది ఇంజను కాదు. అంచు విరిగింది, తర్వాతే తాడు ఊడింది.

నాయన ఊపిరి వదిలాడు. మూడేళ్ళుగా పట్టుకున్న ఊపిరి.

"ఏం రంగు సామీ?" అన్నాడు ఎల్లప్ప, గోడ వైపు నుంచి తిరక్కుండానే.

నాయన ప్లగ్గునే చూస్తూ ఉన్నాడు. గోడకు ఆనించిన ఆ ముసలి వీపును చూశాడు. మళ్ళీ ప్లగ్గును చూశాడు.

"తెల్లగా ఉండాది ఎల్లప్పా."

"తెలుపంటే?"

"తెలుపంటే నాది. సలికి పెద్ద జెట్టు ఎయ్యాల్సింది. ఎయ్యలే. ఇంజను పట్టేసినాది. నువ్వు పోదుం అన్నా, పోదం అన్నా, గమ్మున ఉన్నా, ఆ బండి పైకంటా పోయేది కాదు."

ఎల్లప్ప గోడకు అట్లాగే జారి కూలబడ్డాడు. ఏడుపు కాదది, లోపల ఏదో తెగినట్టు ఒక మూలుగు. "నాది కాదా? నాది కాదా?" అని అడుగుతూనే ఉన్నాడు. నాయన, "నీది కాదు" అని అన్నిసార్లూ చెప్పాడు.

ప్లగ్గు మళ్ళీ పెట్టి, అలవాటు కొద్దీ నాయన కిక్కు మీద కాలు వేశాడు. పట్టేసిన ఇంజనైతే కిక్కు దిగదు. ఇది దిగుతుంది. కాలు తీసేశాడు. "లాగండప్పా, ఎత్తుదాం" అని ఆటోవాణ్ణి పిలిచాడు.

చిన్నమ్మ ఇంటి ముందు ఆటో ఆపించి, దిగి, గడప దాటకుండా అదే మాట చెప్పాడు. బండి వల్లనే. జెట్టు మార్చలేదు. తప్పు తనది.

చిన్నమ్మ తలుపు రెక్క పట్టుకుంది. "ఆ దిబ్బదని సెప్తావనుకుంటి బావా. నువ్వు బండి తట్టు తప్పు సేస్తావని నేను కలలో గూడా అనుకోలే" అంది. తలుపు వేసుకుంది.

తిరుగు దారిలో నాయన నన్ను ఒక్కటే అడిగాడు. "నువ్వేం సూసినావమ్మా?"

"వెలుతురు సరిగ్గా పడలే నాయనా" అన్నాను.

తల ఊపి, జేబులోంచి ఆ పెద్ద జెట్టు తీసి, అరచేతిలో కాసేపు దొర్లించి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

ఎల్లప్ప ఆ సాయంత్రమే అన్నం అడిగి పెట్టించుకు తిన్నాడని తర్వాత తెలిసింది. పోయిన చలికాలం ఆయన తన ఊళ్ళోనే చనిపోయాడు. కబురు వచ్చిన రోజు నేను ధైర్యం చేసి, "ఇప్పుడన్నా చిన్నమ్మకు సెప్పు నాయనా" అన్నాను.

"ఏం సెప్పాల?" అన్నాడు. "ప్లగ్గు తెల్లగా ఉండాది."

నా వైపు చూడకుండా అన్నాడు. ఆ అనడంలో అబద్ధం చెప్పే మనిషి గొంతు లేదు. అదే నన్ను భయపెట్టింది.

శబ్దం మాత్రం పోలేదు. మారింది. ఇంతకు ముందు ఎక్కతా ఎక్కతా నిలిచిపోయేది. ఇప్పుడు నిలవడం లేదట. పైకంటా పోయి, అవతలికి పోయి, ఇంకా పోతూనే ఉంటుందట. పానా పట్టుకుని తల ఎత్తి వింటూ ఉంటాడు. అది ఎప్పుడు ఆగుతుందా అని మేం ఆయన మొహం చూస్తూ ఉంటాం.

పుంగనూరులో ఆయన ఇప్పటికీ టూ స్ట్రోకు బండ్లు బాగుచేస్తున్నాడు. చిన్నమ్మ మా ఇంటికి రాదు. ఎండ్రకాయ మా షెడ్డు మూలలో పట్ట కింద ఉంది. హ్యాండిలు సరిచేశాడు, టైర్లకు గాలి పట్టాడు, ఫిల్టరు ఉతికి నూనె పెట్టాడు. దాన్ని ఇంతవరకు స్టార్ట్ చేయలేదు.